లక్క పావుకోళ్ళ దెయ్యం

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు. ఆయన పేరు అడక్కండి, చాంతాడంత ఉంటుంది, చెప్పేలోపు మీరు నిద్రపోతారు. ఆ మహానుభావుడికి రాజ్యం ఏలడం కన్నా కొలువులో కునుకు తీయడం ఇష్టం. వచ్చేవాళ్ళ పావుకోళ్ళు టకటకమని కునుకు చెడగొడుతున్నాయని మూడు ఆజ్ఞలు వేశాడు. పావుకోళ్ళ అడుగున మందంగా లక్క పూయాలి. నేలంతా ఉన్ని కంబళి పరవాలి. ఎవరూ అడుగెత్తకూడదు, ఈడ్చుకుంటూ రావాలి. ఆహా, ఎంత గొప్ప పరిపాలన!

ఆ కంబళి నేసింది మల్లన్న. ఆయన కోడలు నాంచారమ్మ, ఉన్ని ఏకడంలో దిట్ట. తల్లి లేని పిల్లని మల్లన్న కన్నకూతురిలా చూసుకున్నాడు. మామంటే ఆ పిల్లకి ప్రాణం. ఊ కొడుతున్నారా? ఒరేయ్ సాంబా, గురక కాదు, ఊ కొట్టు.

పుష్యమాసం వచ్చింది. పెదవులు పగిలే పొడి చలి. మంత్రిగారు ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ వచ్చి రాజుగారి చేతి తాంబూలం అందుకోబోతే వేళ్ళ మధ్య రవ్వ ఎగిరింది. చురుక్కు! సేనాపతి ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ వచ్చాడు. చురుక్కు! పురోహితుడొచ్చాడు. చురుక్కు! నూరు యుద్ధాలు గెలిచానని మీసం దువ్వే సేనాపతి ‘అమ్మో’ అని సింహాసనం వెనక నక్కాడు. పాపం, వీరుడు!

ఆస్థాన మంత్రవాది జడల సిద్ధయ్యని పిలిచారు. ఆయన నిష్ఠాపరుడు కదా, పావుకోళ్ళు తొడగడు, ఆజ్ఞలూ ఆయనకి వర్తించవు. వట్టి కాళ్ళతో టపటపా నడిచొచ్చి రాజుగారి చెయ్యి పట్టుకున్నాడు. చురుక్కూ లేదు, గిరుక్కూ లేదు. చూశారా నా మహిమ అన్నాడు. కంబళిలో దెయ్యముంది, నేసినవాడే చేతబడి చేశాడు, శుక్రవారం నాడు వాడి కుడిచెయ్యి తీసేస్తే దెయ్యం పోతుందన్నాడు. రాజు ఆవులించి సరేనన్నాడు. ఆవులింత అయ్యేలోపు ఒకడి చెయ్యి పోయిందన్నమాట!

మల్లన్న మగ్గం ముందు కూర్చుని చెయ్యి చూసుకుంటూ ఏడ్చాడు. నాంచారమ్మ ఆయన పక్కనే కూర్చుంది. చలికాలంలో ఉన్ని ఏకుతుంటే చురుక్కుమనడం ఆ పిల్లకి కొత్త కాదు. మరి ఆ దెయ్యమేదో సిద్ధయ్యనెందుకు వదిలేసింది? ఆలోచించింది, ఆలోచించింది. చివరికి ఆయన వట్టి కాళ్ళు గుర్తొచ్చాయి.

శుక్రవారం కొలువుకెళ్ళి దండం పెట్టింది. మామ చెయ్యి తీసే ముందు సిద్ధయ్యగారొక్కసారి లక్క పావుకోళ్ళు తొడుక్కుని, ఈడ్చుకుంటూ వచ్చి మిమ్మల్ని ముట్టుకోవాలి, అంతే మహారాజా అంది. సిద్ధయ్య కాలు బెణికిందన్నాడు, తిథి బాగాలేదన్నాడు, ఇవాళ మౌనవ్రతమని గంటసేపు చెప్పాడు. రాజు వింటేనా! తొడుక్కోమన్నాడు. సిద్ధయ్య ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ వచ్చి రాజుగారి చేతిమీద వేలు పెట్టాడు. చురుక్కు! మౌనవ్రతం వీధి చివరిదాకా వినపడింది.

మరి దెయ్యమేదని రాజు అడిగాడు. నాంచారమ్మ తన లక్కగాజులు రెండు తీసి ఉన్నికేసి బాగా రుద్దింది. ఒకదాన్ని పట్టుదారంతో వేలాడదీసి, రెండోది దగ్గరికి తెచ్చింది. మొదటిది తోడికోడలిని చూసినట్టు అటు జరిగిపోయింది. రుద్దిన ఉన్నిపీచు తెస్తే మాత్రం ఎదురొచ్చి మరీ అతుక్కుంది.

ఏమిటే భార్గవీ, ముట్టుకోకుండానే ఎలా నెట్టిందంటావా? మీ తాతయ్య కోపంగా ఉంటే గదిలో అడుగుపెట్టగానే తెలియదూ? గుమ్మం దగ్గర కొంచెం, మంచం దగ్గరికెళితే మరీ ఎక్కువ. అలాగే గాజు చుట్టూ దాని బలం కంటికి కనపడకుండా పరుచుకుని ఉంటుంది. మీ బళ్ళో దాన్నే విద్యుత్ క్షేత్రం అంటారట. రాపిడికి పుట్టేది రెండు రకాలు. ఒకే రకమైతే ఎడమొహం పెడమొహం, వేరు రకమైతే వద్దన్నా కౌగిలింత.

రాపిడికి పుట్టింది వట్టి కాళ్ళలోంచయితే నేలలోకి జారిపోతుంది, లక్క దాన్ని పోనివ్వదు, అది ఒంట్లో పోగుపడి దారి దొరగ్గానే మీ చేతిలోకి దూకుతోంది మహారాజా అంది నాంచారమ్మ. దెయ్యమూ లేదు, చేతబడీ లేదు, తమరు నేర్పిన నడకే ఉందని మెత్తగా ముగించింది.

రాజుకి సిగ్గేసింది. రాజులకి సిగ్గేయడం మీరెప్పుడైనా విన్నారా? ఆ రోజు వేసింది. అప్పటినుంచి అందర్నీ వట్టి కాళ్ళతో రమ్మన్నాడు. సిద్ధయ్యని మల్లన్న దగ్గర ఉన్ని ఏకే పనిలో పెట్టాడు. చలికాలమంతా చురుక్కు చురుక్కుమంటూ ఏకాడు, మంత్రాలేవీ పనిచేయలేదు పాపం. ఇక రాజే సింహాసనం దిగి తాంబూలం ఇవ్వబోతే, మల్లన్న కుడిచెయ్యి చాచి అందుకోలేకపోయాడు. రవ్వ లేదు, చురుక్కు లేదు, అయినా ఆ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నాంచారమ్మ తన చేతులు కింద పెట్టి పట్టుకుంది. మామ భోరుమన్నాడు, కోడలూ భోరుమంది.

అందుకే, ఎదుటివాడికి దెయ్యం పట్టిందనే ముందు మన కాళ్ళు ఎలా నడుస్తున్నాయో చూసుకోవాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పటి దారి పట్టండి.