నీళ్లలో దీపం పట్టిన పెంటమ్మ

అనగా అనగా, సముద్రం ఇప్పుడున్న చోటికన్నా బాగా వెనక్కి ఉన్న రోజుల్లో, ఒడ్డున ఒక జాలరి పల్లె ఉండేది. ఆ పల్లెలో పెంటమ్మ అనే మనిషి ఉండేది.

ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగో బిడ్డయినా దక్కాలని తల్లి ఆమెను పెంటకుప్ప మీద దొర్లించి, ఆ పేరే పెట్టింది. పూర్వం అలా చేసేవారు. పేరు వినగానే చావు ముక్కు మూసుకుని పక్కింటికి పోతుందని నమ్మకం. పక్కింటివాళ్ల సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఏమైతేనేం, పెంటమ్మ బతికింది.

బతికి పెళ్లాడింది. మొగుడు ఒక చీకటి రాత్రి వేటకు వెళ్లి, ఒడ్డు ఎటో తెలియక రాళ్లకు కొట్టుకుని పోయాడు. మూడో రోజున తెప్ప దుంగ ఒకటి కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు.

ఆనాటి నుంచి పెంటమ్మ ఇసక దిబ్బ మీద దీపం పెట్టేది. పెద్ద మూకుడు, నిండా చేప నూనె, బొటనవేలంత వత్తి. చంద్రుడు లేని ప్రతి రాత్రీ వెలిగించి, ఆఖరి తెప్ప చేరేదాకా పక్కన కూర్చునేది. తెప్పకొక చేప ఆమె తట్టలో పడేది. అదే ఆమె బతుకు.

మాఘంలో సముద్రపు తాబేళ్లు ఒడ్డెక్కి ఇసకలో గుడ్లు పెట్టి పోయేవి. ఫాల్గుణం, చైత్రం, వైశాఖం, ఈ మూడు నెలలూ పిల్లలు చీకట్లో ఇసక తోసుకుని పైకి వచ్చేవి. అరచేతిలో రెండు పడతాయి. అవి నీళ్ల వైపు పోకుండా బిలబిలమంటూ దిబ్బ ఎక్కి దీపం చుట్టూ తిరిగేవి.

"కూర్మావతారం బిడ్డలు. దీపానికి ప్రదక్షిణం సేస్తన్నాయి!" అని ఊరంతా దండం పెట్టింది. ఆడవాళ్లు దిబ్బకు పసుపు రాశారు. తెల్లారేసరికి పిల్లలన్నీ ఎండి చచ్చిపడి ఉండేవి. మోక్షం దొరికిందన్నారు. మోక్షం దొరికినవాటిని రోజూ చీపురుతో ఊడ్చేది పెంటమ్మ.

ఒక రాత్రి ఆమెకు కాళ్లు లాగాయి. కాస్త ఒరిగింది, కునుకు పట్టింది, దీపం కొండెక్కింది. ఉలిక్కిపడి లేచి చూస్తే, దిబ్బ సగం ఎక్కిన పిల్లలు ఒక్కొక్కటే వెనక్కి తిరుగుతున్నాయి. నీటి మీద ఆకాశం కాస్త తెల్లగా ఉంది. అటే పోతున్నాయి. మళ్లీ వెలిగించబోయిన వత్తి పెంటమ్మ చేతిలోనే ఉండిపోయింది.

పుట్టిన తాబేలు పిల్ల వెలుతురున్న వైపే సముద్రం అనుకుంటుందని మాకు కాలేజీలో బల్ల గుద్ది చెప్పారు. రాసుకున్నాను, పరీక్షలో అప్పజెప్పాను, మరిచిపోయాను. పెంటమ్మకు ఒక్క కునుకు చాలింది.

ఆ రాత్రే ఆమె మరిది దానయ్య తెప్ప దారి తప్పి రాళ్లెక్కింది. మనిషి దక్కాడు గాని, మోకాలు చీరుకుపోయింది. కుంటుకుంటూ వచ్చాడు.

"వదినా! సచ్చిపోయేవా, నిద్రోయేవా?"

"నిద్రోయేను దానయ్యా. కాళ్లు లాగితే అలా ఒరిగేను."

"నీ కాళ్లు లాగితే మా పేణాలు పోతాయి కదే తల్లీ! మా అన్న పోయింది సాల్లేదా?"

దీపం పెడితే ఈ పిల్లలు చస్తాయి. పెట్టకపోతే తెప్పల మీద ఆ పిల్లలు చస్తారు. పెంటమ్మ మూడు రోజులు అన్నం తినలేదు.

మొదట కులపెద్ద గురయ్య దగ్గరకు వెళ్లింది. "బాబూ, ఈ మూడు నెలలూ రాత్రి వేట మానేస్తే?"

"తాబేలు పిల్లకి తోవ కావాల. మన పిల్లలికి కూడు అక్కర్లేదా? వేట మానం. దీపం మానేస్తావా? మరి నీ మొగుడు ఎలాగ పోయేడే?" అన్నాడు గురయ్య. ఆ ప్రశ్న పెంటమ్మ దారంతా తనే వేసుకుంటూ వచ్చింది.

తరువాత తాబేలు పిల్లల్ని తట్టలోకి ఏరి నీళ్లలో వదలబోయింది. ఉన్నవి రెండు చేతులు. పైకి వచ్చేవి వందలు.

ఆపైన, దీపమే నీళ్లలో ఉంటే పిల్లలూ నీళ్లకే పోతాయి గదా అని, సముద్రంలో గెడ పాతి, కొసన దీపం కట్టింది. కెరటం పీక్కుపోయింది. మూడు గెడలు పాతింది. మూడింటినీ కెరటం పీక్కుపోయింది.

గెడ నిలబడలేదు. పెంటమ్మ నిలబడింది.

చిల్లుల కుండలో దీపం పెట్టుకుని, కుండ నెత్తిన పెట్టుకుని, తొడలోతు నీళ్లలోకి దిగింది. పిల్లలు దీపం చూసి నీళ్లలోకి వచ్చాయి. ఆమె కాళ్ల పక్కనుంచి ఈదుకుంటూ పోయాయి. తెప్పలు అదే దీపం చూసి ఒడ్డుకు వచ్చాయి.

"ఎవలది? వదినా! నీకేటైనా పట్టిందా?" అని కేకేశాడు దానయ్య.

"కాళ్లు లాగడం పట్టింది. బేగి ఒడ్డెక్కు. పిల్లల్ని తొక్కీకు."

అలా ఏటా మూడు నెలలు. వెన్నెల రాత్రులే ఆమెకు నిద్ర. కాళ్లు ఉబ్బాయి, వేళ్ల మధ్య ఒరిసిపోయింది. "ఒక్క రాత్రి ఎవలైనా పట్టండర్రా" అని అడిగేది. ఒకడు రేపన్నాడు. ఒకడు రేపన్నాడు. దానయ్య కూడా రేపే అన్నాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందరూ అలిసిపోయి ఉన్నారు, అంతే.

ఎన్నేళ్లో తెలియదు. ఒక చైత్రమాసం, ఆఖరి తెప్ప చేరింది. దానయ్య దిగి చూస్తే పెంటమ్మ తడి ఇసకలో కూర్చుని ఉంది. కుండ ఒళ్లో ఉంది. దీపం ఇంకా వెలుగుతోంది. ఈ నెలల్లో ఆమె ఎప్పుడూ కూర్చోదే అనుకున్నాడు. "వదినా, లెగు" అన్నాడు. ఆమె లేవలేదు. తాబేలు పిల్లలు ఆమె కొంగు మీదుగా నడిచి నీళ్లలోకి పోతున్నాయి.

మర్నాడు దానయ్య కుండ ఎత్తుకున్నాడు. సగం రాత్రికి అతని కాళ్లు కొంకర్లు పోయాయి. ఒడ్డున పడి ఏడ్చాడు. ఆమె ఒక్కతీ మోసినది మోయడానికి ఆ ఊరికి రాత్రికి ముగ్గురు మగాళ్లు కావలసి వచ్చింది.

ఇప్పుడు నీళ్లలో ఎవరూ నిలబడరు. పడవలకు ఇంజన్లున్నాయి, దిక్కు చెప్పే యంత్రాలున్నాయి, వాటి దారి అవి చూసుకుంటాయి. దీపాలన్నీ మళ్లీ దిబ్బ మీదికే వచ్చాయి. వీధి లైట్లు, మేడ మీద లైట్లు, పెళ్లికి కట్టే సీరియల్ లైట్లు. ఒడ్డున అంత వెలుతురున్నా తాబేలు పిల్లలు నీళ్ల వైపే తిరగాలి గదా, అందుకని పెంటమ్మ నీళ్లలో లేచి నిలబడుతుందట, కుండ ఇంకా పైకెత్తి పట్టుకుంటుందట. ఒడ్డు మీది లైట్లు ఆరిపోతేనే ఆమెకు విశ్రాంతి.

అందుకే ఆ పల్లెలో ఫాల్గుణం నుంచి మూడు నెలలు, పొద్దు గూకగానే సముద్రం వైపు కిటికీలు మూస్తారు. వాకిట్లో స్విచ్చి కట్టేస్తూ, పసిపిల్ల నుంచి ముసలిదాని దాకా, సముద్రం వైపు చూసి ఒక మాట అంటారు.

"కూకోయే పెంటమ్మా. ఇంక కూకో."