పాలు పొంగని చెరసాల

మణిగిరి అనే ఒకానొక రాజ్యాన్ని పూర్వం ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు రెండు పిచ్చులు. ఒకటి ముహూర్తాల పిచ్చి. క్షౌరానికి కూర్చోవాలన్నా పంచాంగం విప్పాల్సిందే. రెండోది గొప్పల పిచ్చి. తాను కట్టించినదాన్ని మించింది భూమ్మీద లేదనేవాడు. కాదన్నవాడు మర్నాటికి చెరసాలలో ఉండేవాడు.

ఆ చెరసాలకు అధికారి సూరప్ప. కొరడా ముట్టకుండానే ఖైదీలను అదుపులో పెడతాడని పేరు. దొంగ దొంగే, అయినా వాడి గంజిలో ఉప్పు పడిందో లేదో చూడటం కూడా తన ఉద్యోగమే అనుకునే మనిషి.

ఒక ఏడు రాజు చెరసాల కింద నేల తవ్వించి కొత్తగా రాతిగది కట్టించాడు. కిటికీ లేదు, చిన్న కంత కూడా లేదు. తలుపు మూస్తే లోపలి కేక బయటికి వినబడదు. “ఇలాంటిది ఇంద్రుడికైనా ఉందా?” అని నిండుసభలో మీసం దువ్వాడు. లేకపోవచ్చు. ఇంద్రుడికి అలాంటి అవసరం ఏం వచ్చింది!

గది పూర్తయిన రోజున సూరప్ప దీపం పట్టుకుని లోపలికి దిగి, తాళం వేయకుండా తలుపు మాత్రం మూయించుకుని చూశాడు. కాసేపటికే దీపం కొడిగట్టింది. ఊపిరి బరువెక్కింది. మనిషిని బతికుండగా పూడ్చే గొయ్యి ఇది అనుకుంటూ బయటపడ్డాడు.

ఆ వారంలోనే ఊరేగింపులో పట్టపుటేనుగు తొండంతో ఇంత బురద తీసి వీపు మీద చల్లుకుంది. వీపు మీద రాజుగారున్నారు. జనం ఘొల్లుమన్నారు. ఏనుగును ఏమీ చేయలేక మావటి పోలయ్యను పట్టుకున్నారు.

“మూడు నెలలు కొత్త గదిలో పడెయ్యండి. రేపే!” అన్నాడు రాజు.

సూరప్పకు కొడిగట్టిన దీపం గుర్తొచ్చింది. మూడు నెలల మాట దేవుడెరుగు, పోలయ్య ఒక్కరోజు కూడా దాటడు. ఆ సంగతి పైకి అంటే రాజు కట్టడానికి వంక పెట్టినట్టే. పోలయ్య పక్కన తానూ చేరతాడు, ఇద్దరి మీదా తాళం వేయడానికి ఇంకొకడు వస్తాడు.

“చిత్తం ప్రభూ,” అన్నాడు చేతులు కట్టుకుని. “చిన్న సందేహం. మన ఏనుగుల సాలకు కూడా గృహప్రవేశం చేశాకే ఏనుగుల్ని తోలాం. ఈ గదిలో ఇంకా పాలు పొంగించలేదు...”

రాజపురోహితుడు సోమయాజి ఉలిక్కిపడ్డాడు. “అరిష్టం! యజమాని ముందు అడుగు పెట్టాలి.”

“యజమానంటే నేనే కదండీ,” అన్నాడు సూరప్ప వినయంగా. “రేపటినుంచి దాన్ని చూసుకునేది నేనాయె. నేనే పీట మీద కూర్చుంటాను.”

రాజు ముఖం కందగడ్డ అయింది. “కట్టించింది నేను! నువ్వెలా యజమానివయ్యావురా? నేనే కూర్చుంటా!”

మర్నాడు ముహూర్తానికి అందరూ మెట్ల దగ్గర చేరారు. ముందుగా ఆవును దింపబోతే కాళ్లు తన్నిపెట్టి కదలనంది. “గొడ్డుకేం తెలుసు,” అన్నాడు రాజు. రాణిగారు గుమ్మంలోంచి ఒక్కసారి తొంగిచూసి, తలనొప్పిగా ఉందని వెనక్కి వెళ్లిపోయారు. గదిలో ఇద్దరికి మించి చోటు లేదు. పొయ్యి రాజేయడానికి సూరప్ప రాజు వెంట దిగాడు. సోమయాజి పైనే కూర్చున్నాడు.

“తలుపు తీసే ఉంచమంటారా ప్రభూ? కొందరికి చీకటంటే...”

“భయమా? నాకా? సేనాపతీ, తాళం వెయ్యి! సోమయాజిగారి ఆశీర్వచనం ముగిసేదాకా తియ్యడానికి వీల్లేదు!”

తాళం పడింది. సోమయాజి ఒక్క అక్షరమైనా మింగకుండా మంత్రం చెబుతాడని రాజే ఆయనకు శాలువా కప్పిన సంగతి సూరప్పకు అప్పుడు గుర్తొచ్చింది. గదిలో తానూ ఉన్నాడు మరి.

పిడకలు రాజుకున్నాయి. పొగకు పోయే దారి లేదు. రాజు దగ్గాడు, కళ్లు నులుముకున్నాడు, ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. పాలు మాత్రం గిన్నెలో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాయి.

“తలుపు తియ్యమను!”

“వాళ్లకు వినబడదు ప్రభూ.”

రాజు లేచి రెండు చేతులా తలుపు బాదాడు. “సేనాపతీ! ఒరే, ఎవర్రా అక్కడ!” రాయి మీద బాదినట్టే ఉంది. “ఆ మంట ఆర్పు!”

“పాలు పొంగకుండా ఆర్పితే అశుభం కదా ప్రభూ.”

“అశుభం ఏట్లో పడనీ! ఆర్పు!”

సూరప్ప పాలు పిడకల మీద కుమ్మరించాడు. చీకటి కమ్ముకుంది. ఆ చీకట్లో చేయి ఒకటి తడుముకుంటూ వచ్చి సూరప్ప మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“సూరప్పా, ఉన్నావా?”

“ఉన్నాను ప్రభూ.” సూరప్పకూ ఊపిరి ఆడటం లేదు. చచ్చినా బతికినా ఆ మాట ఇప్పుడే అనాలనుకున్నాడు. “పోలయ్యకు పట్టుకోవడానికి చెయ్యి కూడా ఉండదు ప్రభూ.”

రాజు పట్టిన చేయి వదల్లేదు.

ఎంతసేపటికో తలుపు కిర్రుమంది. రాజు మెట్లెక్కి వచ్చి, గోడకు చేరబడి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. తర్వాత సూరప్ప వైపు తిరిగాడు. చేయి కత్తిపిడి మీద ఉంది.

“ఇదంతా నీకు ముందే తెలుసా?”

“తెలుసు ప్రభూ. నోటితో చెబితే తమరు నమ్మరని భయపడ్డాను.”

“నిన్నే ఇందులో వేసి తాళం పెట్టిస్తే?”

“శిరసావహిస్తాను. కాని పాలు పొంగని ఇంట్లో మనిషిని ఉంచితే ఆ దోషం ఎవరికి తగులుతుందో సోమయాజిగారిని అడగండి.”

“యజమానికే,” అన్నాడు సోమయాజి ఠక్కున.

రాజు పళ్లు కొరికాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, “లోపల నీ చెయ్యి పట్టుకున్నానని ఎక్కడైనా అన్నావో...” అన్నాడు.

“లోపలి మాట బయటికి రాకుండా తమరే కట్టించారు కదా ప్రభూ!”

రాజు మీసం అదిరింది. ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత నోటితో, ఆఖరికి పొట్ట పట్టుకుని నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వాడు. తన బంగారు కంకణం తీసి సూరప్ప చేతికి తొడిగాడు. గదిని మట్టితో పూడ్పించమన్నాడు. మావటిని వదిలెయ్యమన్నాడు.

సూరప్ప పరుగులాంటి నడకతో పాత చెరసాలకు వెళ్లి తాళం తీశాడు. పోలయ్య తలపాగా మడిచి పక్కన పెట్టుకుని, సంకెళ్లకోసం చేతులు చాచి కూర్చున్నాడు.

“కొత్త గదికేనా అయ్యగారూ?” అన్నాడు తలెత్తకుండా.

“కాదురా, మీ ఇంటికి. ఆ గదిలో పాలు పొంగలేదు. పోయి మీ ఇంటిదాన్ని పొయ్యి మీద పాలు పెట్టమను.”

పోలయ్య చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత ఆ చేతుల్లోనే ముఖం దాచుకుని భోరుమన్నాడు.