బొద్దప్ప పానకం దుకాణం

అనగనగా ఓ అడవి. అక్కడ మడుగు పక్కన బొద్దప్ప అనే ఎలుగుబంటి ఉండేవాడు. మడుగు నీళ్లలో తేనె కలిపి పానకం చేసి అమ్మేవాడు. ఆహా, ఏం పానకమర్రా! అది తాగి తాగి మురిసిపోయి, మడుగు పక్క జంతువులన్నీ కలిసి అతన్ని అడవి సభకు పంపాయి. సభలో వాళ్ల పేరున ఒక రాయి ఉంది. బొద్దప్ప దాని మీద దర్జాగా కూర్చున్నాడు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు అడుగంటింది. చుక్కమ్మ అనే లేడి తన పిల్లను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది.

"బొద్దప్పన్నా, నువ్వు కుండలకు కుండలు తోడేస్తుంటే మా పిల్లలకు గుక్కెడు నీళ్లు మిగలట్లేదు" అంది.

"అమ్మా, ఇది దుకాణం. అలాంటి మాటలు సభలో చెప్పుకోవాలి" అన్నాడు బొద్దప్ప.

చుక్కమ్మ సభకు వెళ్లింది. "అయ్యో, ఇది నా వ్యాపారం గొడవ కదా! దుకాణానికి రా" అన్నాడు అక్కడ రాయి మీదున్న బొద్దప్ప.

పాపం, ఆమె సాయంత్రం అతని ఇంటికే వెళ్లింది. బొద్దప్ప కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు నేను వ్యాపారినీ కాదు, సభ్యుణ్ణీ కాదు. వట్టి బొద్దప్పని" అన్నాడు.

"మరి నీళ్ల సంగతి ఎవరినడగాలన్నా?"

బొద్దప్ప బుర్ర గోక్కున్నాడు. నిజంగానే అతనికీ తెలియలేదు!

ఈ సంగతి విని, ఇలా కాదని సభ పెద్ద ఏనుగు తాత సభ్యులందరినీ పిలిచాడు. "వాన పడేదాకా మడుగు నీళ్లు తాగడానికే. అమ్మకానికి తోడకూడదు. ఔనన్నవాళ్లు ఎండలో నిలబడండి, కాదన్నవాళ్లు నీడలో" అన్నాడు. ఆ సభలో పద్ధతి అదే.

అటూ ఇటూ సమానంగా నిలబడ్డారు. ఇక మిగిలింది బొద్దప్ప ఒక్కడే. ఎండలోకి వెళ్లాడు. 'అయ్యో, నా దుకాణం!' అనుకుని నీడలోకి పరిగెత్తాడు. 'అయ్యో, నా వాళ్లు!' అనుకుని మళ్లీ ఎండలోకి వచ్చాడు. చివరికి ఒక కాలు ఎండలో, ఒక కాలు నీడలో పెట్టి నిలబడ్డాడు.

"ఎక్కడో ఒకచోట నిలబడు నాయనా!" అని గద్దించాడు తాత.

బొద్దప్పకు తల తిరిగిపోయింది. 'నా పానకం తాగేదీ వాళ్లే, నన్ను పంపిందీ వాళ్లే. నా దుకాణం బాగుంటే వాళ్లూ బాగున్నట్టే కదా' అని సర్దిచెప్పుకున్నాడు. రెండో కాలు కూడా నీడలోకి లాగేసుకున్నాడు.

దాంతో అమ్మకానికి నీళ్లు తోడడం ఆగలేదు. కొన్నాళ్లకే మడుగు బురదైపోయింది. చుక్కమ్మ పిల్ల దాహంతో సొమ్మసిల్లింది. దాన్ని ఎలాగో లేపుకుని చుక్కమ్మ కొండ అవతలికి వెళ్లిపోయింది. ఆమె వెనకే మడుగు పక్కవాళ్లందరూ వెళ్లిపోయారు.

తెల్లారి బొద్దప్ప దుకాణం తెరిచాడు. పిట్ట కూడా రాలేదు. "పోనీలే, నాకు సభ ఉంది" అని అక్కడికి పరిగెత్తాడు. రాయి ఎక్కి కూర్చున్నాడు.

"ఎవరి తరఫున వచ్చావు నాయనా?" అని అడిగాడు తాత.

"మడుగు పక్కవాళ్ల తరఫున."

"వాళ్లేరీ?"

బొద్దప్ప వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "తాతా, దుకాణమూ నాదే, రాయీ నాదే కదా! రెండూ ఒక్కసారే ఎలా పోయాయి?" అని బావురుమన్నాడు.

"రాయి నీదని ఎవరన్నారు? అది వాళ్లది. కిందికి దిగు" అన్నాడు తాత.

నీతి: పదిమంది తరఫున మాట్లాడాల్సిన చోట సొంత లాభం చూసుకునేవాడికి చివరికి ఆ పదిమందీ మిగలరు.