ఏ దినుసులోదో ఆ వాసన

నేను ఇంతకు ముందెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి. మిశ్రమం అనే మాట మందుల డబ్బాల మీద చూసేదాన్నేగానీ, దాని అర్థం ఎవర్నీ అడగలేదు, నవ్వుతారేమోనని. మా మేనత్త ఈ కథ చెప్పాక ఇక అడగాలనిపించలేదు.

ఎర్రగుట్ట మీద చిన్న దర్గా ఒకటి ఉండేది. అక్కడ ధూపం పొడి నూరే పని మాబున్నిది. ఆ పని నేర్పింది పీరమ్మ అవ్వ. చూపు మందగించాక అవ్వ నూరడం మానేసి, పక్కన కూర్చుని చెప్పేది. మాబున్ని నూరేది.

ఆ ఏడు వానల్లో మాబున్ని కూతురు ఫర్జానా జ్వరంతో పోయింది. ఒక్కతే కూతురు. తలంటుకున్న రోజున ధూపం మీద గంప బోర్లించి, దాని మీద జుట్టు పరుచుకుని పడుకునేది. ఆరేదాకా అమ్మతో ఏదో ఒకటి పోట్లాడుతూనే ఉండేది.

పిల్ల పోయిన కొన్నాళ్ళకి మొదలైంది. మాబున్ని నిప్పుల మీద పొడి వెయ్యగానే, సాంబ్రాణి వాసన వెనకాలే ఇంకో వాసన వచ్చేది. తడిజుట్టు వాసన. ఆ వెంటనే వీపు వెనక చాప కిర్రుమనేది, ఎవరో వచ్చి కూర్చున్నట్టు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. చాప మాత్రం అక్కడ కాస్త నొక్కుకుని ఉండేది.

బిడ్డేనా? బిడ్డయితే ముఖమెందుకు చూపించదు? బిడ్డ వాసన పూసుకుని వచ్చిన ఇంకేదన్నానా?

ఉండబట్టలేక తమ్ముడు షావలికి చెప్పుకుంది. అతను పోయి, గాలీ ధూళీ కట్టే ఒకాయన్ని మాట్లాడి వచ్చాడు.

"రేపు పొద్దున్నే వస్తాడక్కా. మిశ్రమంలో ఏ దినుసును పట్టుకోని వస్తాందో నువ్వు చెప్తే చాలంట. ఆ దినుసును మూటగట్టి, మేకు కొట్టి, ఏట్లో ఇడుస్తాడంట. ఇంక రాదు."

"నా బిడ్డయితే?"

షావలి తల వంచుకున్నాడు. "బిడ్డయినా రాదు."

ఏ దినుసో కనిపెట్టాలని మాబున్ని అప్పటికే తంటాలు పడుతోంది. ఒక రోజు జటామాంసి వెయ్యకుండా నూరింది. ఆ రోజు వాసన రాలేదు. దొరికిందిలే అనుకుంది. మర్నాడు జటామాంసి వేసి తుంగముస్తలు మానేసింది. అప్పుడూ రాలేదు. గుగ్గిలం మానేసినా అంతే. ఏది తీసేసినా రాదు, అన్నీ వేస్తే వస్తుంది. ఈ లోపల దర్గాకి వచ్చేవాళ్ళు మూతులు తిప్పడం మొదలుపెట్టారు. "ఏందమ్మా, ఎండుగడ్డి కాల్చినట్టుంది పొగ. మనుషులకేనా, గొడ్లకా?" అని ఒకావిడ ముఖం మీదే అనేసింది.

షావలి వచ్చి చెప్పిన ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మి ఉంది. మాబున్ని అవ్వ దగ్గరికి పోయి, ఉన్నదంతా చెప్పి, కాళ్ళ దగ్గర చాప మీద కూలబడింది.

"నీ ముక్కుకు తెలీంది లేదు గదవ్వా. ఏ దినుసులో ఉందో నువ్వన్నా చెప్పు. పొద్దున్నే ఆయనొస్తాడు. మిశ్రమంలోంచి అదొక్కటి ఏరియ్యాలంట."

"మిశ్రమమా? అంటే ఏందే?"

"అదేలే అవ్వా, అన్నీ కలిపింది. మిక్చరు మాదిరి."

అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. "మిక్చరయితే బూందీ వదిలేసి పల్లీలు ఏరుకోని తింటావు. నూరిన పొడిలో ఏం ఏరతావే, పిచ్చిదానా?"

మాబున్ని నవ్వలేదు. అవ్వ నవ్వు ఆపేసింది.

"డబ్బాలన్నీ తీసుకరా. నిప్పులు తే. తలుపెయ్యి."

గదిలో చీకటి ముసిరింది. నిప్పులు పెంకులో కణకణమంటున్నాయి.

"ఒక్కోటే వెయ్యి. వచ్చిందంటే చెప్పు."

ముందు సాంబ్రాణి వేసింది. తెల్లటి పొగ లేచి కళ్ళు మండాయి.

"వచ్చిందా?"

"లేదవ్వా."

జటామాంసి వేసింది. వేరు కాలిన వాసన. తుంగముస్తలు వేస్తే ఎండిన బురద వాసన. గుగ్గిలం, వట్టివేరు కూడా అయిపోయాయి. ప్రతిసారీ అవ్వ అదే అడిగింది. మాబున్ని అదే చెప్పింది. చాప కిర్రుమనలేదు.

"దేంట్లోనూ లేదవ్వా. మరి కలిపితే యాడ్నుంచి వస్తాంది?"

 అవ్వ దినుసులన్నీ తడిమి తడిమి చేటలో పోసుకుంది. తనే నూరి కలిపింది. ఒక చిటికెడు నిప్పుల మీద వేసింది. గదంతా మంచి వాసన, దర్గా వాసన. 

"వచ్చిందా?"

"లేదు." మాబున్ని చేటలోకి తొంగి చూసింది. "అన్నీ ఏసినావు గదా? ఎందుకు రాలేదు?"

అవ్వ చేట ఆమె ఒళ్ళోకి నెట్టింది. "ఇప్పుడు నువ్వు కలుపు."

మాబున్ని పొడిలో చెయ్యి పెట్టింది. అరచేతుల మధ్య రుద్దుతూ, కింద నుంచి పైకి తీస్తూ, ఎప్పుడూ కలిపేట్టే కలిపింది. అదే పొడి, అదే చేట. చిటికెడు తీసి నిప్పుల మీద వేసింది.

పొగ నేరుగా పైకి లేచింది. మధ్యలో ఆగి, ఆమె వైపు వంగింది.

తడిజుట్టు వాసన.

వెనక చాప కిర్రుమంది.  మాబున్ని మెడ మీద చల్లగా ఒక నీటిచుక్క పడి, వీపు మీదికి జారింది. బయట వాన ఇంకా మొదలు కాలేదు. పైన కప్పు పొడిగానే ఉంది.

అవ్వ మసక కళ్ళు ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి. చూసి చూసి, మనవరాళ్ళను చూసినప్పుడు నవ్వినట్టు చిన్నగా నవ్వింది.

"అవ్వా," మాబున్ని పెదాలు మాత్రమే కదిలాయి. "ఏం కనబడతాంది?"

 అవ్వ మాబున్ని చెయ్యి పట్టుకుని, పొడి అంటిన వేళ్ళను ఒక్కొక్కటే ముడిచి, పిడికిలి మూసింది.

"ఇప్పుడు చెప్పు. రేపు ఆయనొస్తే మూటలో దేన్ని కట్టమంటావు?"

 మాబున్ని మెడ మీది తడి తుడుచుకోలేదు.

తెల్లవారి షావలి ఆయన్ని వెంటబెట్టుకుని గుట్టెక్కాడు. ఆయన చేతిలో ఎర్రగుడ్డ, మేకులు ఉన్నాయి. మాబున్ని ఇద్దరికీ టీ ఇచ్చింది. "ఏ దినుసమ్మా?" అని ఆయన అడిగితే, "టీ తాగి పోండి సామీ, ఎండెక్కుతుంది" అంది. వాళ్ళు గుట్ట దిగేదాకా వాకిట్లో నిలబడింది.

తరవాత లోపలికి పోయి అన్ని దినుసులూ పోసుకుని నూరింది. నిప్పుల మీద పొడి వేసింది. వెనక్కి తిరిగి చూడకుండా, వెనక చోటుండేట్టు చాప మీద కాస్త ముందుకు జరిగి కూర్చుంది.