అట్టలోకి వెళ్ళిన ప్రశ్నలు

రబ్బీ తన్హుమ్‌గారికి ఒక అలవాటుండేది. శిష్యుడెవరైనా పాఠంలో లేని ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని అప్పజెప్పేవారు. పని అయ్యేసరికి సగం మంది అడిగిందే మరిచిపోయేవారు. ఇది గొప్ప బోధనా పద్ధతి అని శిష్యులు చెప్పుకునేవారు. ముప్పై ఏళ్ళుగా జవాబులు చెప్పీ చెప్పీ అలిసిపోయిన మనిషి కనిపెట్టుకున్న ఉపాయమని నా అనుమానం. అయితే నా అనుమానాలకి మా ఊళ్ళో పెద్దగా విలువ లేదు.

ఎందుకు లేదో నేనే చెప్పేస్తాను. నా పేరు హిర్ష్. లిథువేనియా చిత్తడి నేలల్లో వెల్కోవ్ అనే ఊళ్ళో పుస్తకాలు కుట్టి అట్టలు వేసేవాణ్ణి. మా ఊరికున్న ఒకే ఒక గొప్ప యెషివా, అంటే యూదు కుర్రాళ్ళు శాస్త్రం చదువుకునే పాఠశాల. దాని బల్ల మీద నేను ఒక్క పూట కూడా కూర్చోలేదు. అక్కణ్ణించి బాగుచేతకి వచ్చే పుస్తకాలే నా చదువు. పుస్తకం ఎక్కడ చినిగితే అక్కడ చదివాను. కుర్రాళ్ళు ఎక్కడ ఎక్కువ పోట్లాడుకుంటారో ఆ పేజీలే చినుగుతాయి కాబట్టి, ఏ వాదనకైనా నాకు మొదలు తెలియదు, చివర తెలియదు. నలిగిపోయిన నడిమి భాగం మాత్రం గడగడా అప్పజెప్తాను. ఇలాంటి పండితుణ్ణి ఎవరు మాత్రం లెక్కచేస్తారు?

రబ్బీగారు, అంటే మా మతగురువు, ఆ యెషివాకి పెద్ద. ఇరవై తొమ్మిదో ఏట వచ్చారు, మళ్ళీ ఎక్కడికీ వెళ్ళలేదు. ఎనభై మంది శిష్యులు. వాళ్ళకి ఏ రోజు ఏ ఇంట్లో భోజనమో ఆయనే చూసుకోవాలి. వాళ్ళ జ్వరాలూ అలకలూ ఆయనవే. వాటి మధ్య రోజూ పాఠం. పాఠానికి ముందు ఆయన ఒక నిట్టూర్పు విడిచేవారు. ఆ నిట్టూర్పులు మూడు రకాలనీ, మూడోది వస్తే ఆ పూట మధ్యాహ్నం దాకా లేవడం ఉండదనీ శిష్యులు తేల్చారు. నేనీ కథ చెప్పేనాటికి ఆయన మోకాళ్ళు వాచాయి, ఒక కంటికి పొర కమ్మింది. పాఠం చెప్పే అరుగుకి ఉన్నవి రెండే మెట్లు. ఒక్కొక్కటీ ఆలోచించి ఎక్కేవారు.

ఆ చలికాలంలో ఎల్యాకిమ్‌కి ఉత్తరం వచ్చింది. ఇరవై అయిదేళ్ళవాడు, యెషివాలో అందరికన్నా చురుకైనవాడు. జస్కెవిచ్ అనే ఊళ్ళో పాఠశాల పెద్ద చనిపోయాడు, నలభై మంది పిల్లలు గురువు లేక కూర్చున్నారు, నువ్వు వచ్చి నడుపుతావా, వచ్చే వారం శుక్రవారంలోగా చెప్పు, లేకపోతే పిల్లల్ని ఇళ్ళకి పంపేస్తాం అని ఆ ఊరి పెద్దలు రాశారు. ఎల్యాకిమ్‌కి వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి రబ్బీగారి దగ్గరికి వెళ్ళాడు.

“గురువుగారూ, మొదటి రోజే ఎవడో ఒకడు లేచి ప్రశ్న అడుగుతాడు. నాకు జవాబు తెలియకపోతే ఏం చెయ్యాలి?”

రబ్బీగారు అలవాటు ప్రకారం పని చెప్పారు. మంచం కింద ఒక పెట్టె ఉంది. అందులో ముప్పై ఏళ్ళుగా ఆయన పాఠాల మీద రాసుకున్న కాగితాలున్నాయి. వాటిని వరసగా పేర్చి హిర్ష్‌తో కుట్టించి తీసుకురా, ఆదివారం బండిలో పట్నం వెళ్ళాలి, అచ్చువేస్తామని అడుగుతున్నారు, అన్నారు.

ఎల్యాకిమ్ ఆ కాగితాలు పేరుస్తూ బెంబేలెత్తిపోయాడు. మా పండితులకి ఒక ఆచారం ఉంది. ఎంత వెతికినా జవాబు దొరకని ప్రశ్నని అలాగే రాసి, కింద “ఇంకా ఆలోచించాలి” అని పెట్టి వదిలేస్తారు. ఎవరి పుస్తకంలో చూసినా అలాంటివి నాలుగో అయిదో ఉంటాయి. రబ్బీగారి పెట్టెలో నలభై ఒకటి ఉన్నాయి. పట్నంలో పండితులు ఇవి చూస్తే ఏమంటారు? వెల్కోవ్ పెద్దాయనకి సగం తెలియదట అంటారు. గురువుగారి పరువు తీసే చేతులు తనవి కాకూడదనుకున్నాడు. ఆ నలభై ఒక్క కాగితాలూ విడిగా కట్టి నాకిచ్చాడు.

“ఇవి పుస్తకంలో వద్దు హిర్ష్ మామా. సంచిలో వేసెయ్.”

సంచి అంటే పాడైపోయిన పవిత్రమైన రాతలు వేసే సంచి. మేం వాటిని పారెయ్యం, తగలెయ్యం. సంచి నిండాక శ్మశానంలో మర్యాదగా పాతిపెడతాం. సరే అన్నాను. కానీ అట్ట వెయ్యబోతే నా దగ్గర మందపు కాగితం అయిపోయింది. బయట మంచు. అప్పుడు నా సొంత శాస్త్రం పనిచేసింది. మట్టిలో పాతిపెట్టేవాటిని అట్టలో పెడితే తప్పేముంది, గురువుగారి రాత గురువుగారి పుస్తకంతోనే ఉంటుంది కదా అనుకున్నాను. గోధుమపిండి జిగురు రాసి, ఇరవై ఒకటి ముందు అట్టలోకీ ఇరవై వెనక అట్టలోకీ పొరలుపొరలుగా అంటించి, పైన నల్ల తోలు తొడిగాను. నా జన్మలో అంత గట్టి అట్ట వెయ్యలేదు.

గురువారం మధ్యాహ్నం రబ్బీగారే నా కొట్టుకి వచ్చారు. వెనకే ఎల్యాకిమ్. ఆయన పొయ్యి పక్క కూర్చుని, మంచి కంటి దగ్గర పెట్టుకుని పేజీలు తిప్పారు. చాలాసేపు తిప్పారు. నేను మెప్పు కోసం నిలబడ్డాను.

“బాగుంది,” అన్నారు. “ఎవరిదీ పుస్తకం?”

“మీదే గురువుగారూ,” అన్నాడు ఎల్యాకిమ్.

“అన్నీ తెలిసినవాడిలా ఉన్నాడే. అన్నీ తెలిసినవాడు ఇంతలా ఎందుకు అలిసిపోయాడో?”

ఎల్యాకిమ్ ఉన్నదంతా చెప్పాడు. మీ మంచికే చేశానన్నాడు, సంచిలో భద్రంగా ఉన్నాయన్నాడు. ఇద్దరూ సంచి కోసం నా వైపు చూశారు. అబద్ధం ఆడదామంటే నాకు నడిమి భాగాలే వచ్చు, మొదలుపెట్టడం రాదు. అట్ట మీద వేలు పెట్టి చూపించాను.

రబ్బీగారు పుస్తకం మూసి అట్టని గోటితో కొట్టి చూశారు. “పోనీలే హిర్ష్,” అన్నారు, “నా దగ్గర ఉన్నన్నాళ్ళూ అవి దేన్నీ నిలబెట్టలేదు.” తర్వాత కెటిల్ పొయ్యి మీద పెట్టమన్నారు.

పిండి జిగురు ఆవిరికి లొంగుతుంది. తోలు ఒలిచి, అట్టని ఆవిరి మీద పట్టుకుని, ఎముక కత్తితో ఒక్కొక్క పొరా లేపుతుంటే ఎల్యాకిమ్ తీసుకుని ఆరబెడుతూ పైకి చదివాడు. రబ్బీగారు కళ్ళు మూసుకుని ఒక్కొక్కదానికీ “ఊ” అంటున్నారు, దూరపు చుట్టాల పేర్లు చదువుతుంటే విన్నట్టు. కొన్నిటి కింద వేరే సిరాతో మళ్ళీ రాసి ఉంది: “మూడేళ్ళ తర్వాత చూశాను. తెలియలేదు.” ఇంకోచోట: “నా భార్య అడిగింది, ఇంకా ఇదేనా అని. ఇదే.” నాకు నవ్వొచ్చింది, ఎల్యాకిమ్‌కి రాలేదు.

వెనక అట్టలో పన్నెండో పొర లేపి ఇచ్చాను. వాడు తీసుకుని చదవలేదు.

“చదువు నాయనా, ఆవిరికి నా చెయ్యి కాలుతోంది,” అన్నాను.

వాడు కాగితం బల్ల మీద పెట్టాడు. మా వృత్తిలో తలకిందుల రాత చదవడం వచ్చేస్తుంది. నేనే చదివాను. పైన ప్రశ్న ఉంది. కింద ఇలా ఉంది: “సోమవారం పాఠంలో ఎల్యాకిమ్ అడిగాడు. పదహారేళ్ళవాడు. నా దగ్గర జవాబు లేదు. గురువారం దాకా వెతికాను, లేదు. ఇంకా ఆలోచించాలి.” దాని కింద ఏడాదికొకటి చొప్పున చిన్న చిన్న వరసలు. మళ్ళీ చూశాను, లేదు. మళ్ళీ చూశాను, లేదు. అన్నిటికన్నా కింది వరసలో సిరా ఇంకా నల్లగానే ఉంది, పోయిన నెలది. దాని చివరా అదే మాట.

“తీసేటప్పుడు చదవలేదా?” అని అడిగాను.

“కింద చివరి మాట చూసి తీసేశాను మామా,” అన్నాడు. “అంతకు మించి చదవలేదు.”

రబ్బీగారు కళ్ళు తెరవలేదు. నిట్టూరుస్తారేమో, అది ఏ రకమో నేను కూడా లెక్కపెట్టవచ్చు అనుకున్నాను. నిట్టూర్చలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, లేవడానికి బలం కూడదీసుకుంటున్నారు.

“ఆ సోమవారం నాకు గుర్తుంది,” అన్నాడు ఎల్యాకిమ్, కాగితం వైపే చూస్తూ. “నేను అడిగి కూర్చున్నాను. మీరు పాఠం సగంలో ఆపేసి ఇంటికి వెళ్ళిపోయారు. గురువుగారికి జ్వరం అన్నారు. మీకు నయం కావాలని మేమందరం ప్రార్థన కూడా చేశాం.”

“జ్వరమే,” అన్నారు రబ్బీగారు, వాడి భుజం పట్టుకుని లేస్తూ. “ఇంకా దిగలేదు. జస్కెవిచ్‌లో పిల్లలు కూర్చుని ఉంటారు. వెళ్ళి ఆ ఉత్తరానికి జవాబు రాయి.”