పోగయ్య గొడుగేసుకుని తొంగిచూసేదెందుకు

ఒకప్పుడు పోగయ్య నేల మీదే ఉండేవాడు. పోగయ్యంటే మనిషి కాదర్రా, సన్నసన్నని తెల్లటి దారప్పోగులు. చేనంతా పాకి హాయిగా పడుకునేవాడు. ఎక్కడో రాళ్ల సందున దాగిన తడిని తెచ్చి జొన్న వేళ్లకు పట్టించేవాడు. జొన్న ఎండలో వండుకున్న తీపిలోంచి అతనికో ముద్ద పెట్టేది. ఇద్దరి కడుపూ నిండేది.

ఆ చేను సుంకమ్మది. సుంకమ్మకు శుభ్రం పిచ్చి. పొద్దున ఊడ్చిన వాకిలి మధ్యాహ్నం మళ్లీ ఊడ్చేది. కోడి నడిచి వెళితే ఆ అడుగులు చెరిపేదాకా ఆమెకు అన్నం సహించేది కాదు.

ఉగాది దగ్గరపడింది. ఇల్లంతా బూజు దులిపేసింది. అయినా చెయ్యి ఊరుకోలేదు. చేనువైపు చూస్తే అక్కడా తెల్లటి దారాలే. అయ్యయ్యో, చేనుకూ బూజు పట్టిందే అనుకుని నాగలి కట్టింది. నిలువునా దున్నింది, అడ్డంగా దున్నింది, మళ్లీ నిలువునా దున్నింది. కోత కోయగా మిగిలిన జొన్న కొయ్యలను కుప్పేసి కాల్చేసింది. చేను అద్దంలా ఉందని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. సుంకమ్మ మురిసి ముక్కలైంది.

నిజంగా ముక్కలైంది మాత్రం పోగయ్య. ఒళ్లంతా కమిలి, బతుకు జీవుడా అంటూ గట్టు కిందికి పారిపోయాడు.

తొలకరికి సుంకమ్మ జొన్న విత్తింది. అది పుట్టింట అమ్మ మూటగట్టి ఇచ్చిన విత్తనం. ఇంట్లో ఇంకో గింజ లేదు. మొలకలైతే వచ్చాయి గానీ వాన మొహం చాటేసింది. పది రోజులకు ఆకులు చుట్టుకుపోయాయి. సుంకమ్మ కడవతో నీళ్లు మోసి మోసి నడుం పడిపోయి, గట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

అప్పుడు జొన్న గొంతు పెగల్చుకుంది. "నీళ్లు మోసే పోగయ్యను బూజనుకుని నువ్వే గట్టు కిందికి తరిమేస్తివి కదమ్మా."

సుంకమ్మ గబగబా కళ్లు తుడుచుకుంది. వానపామును బతిమాలి గట్టు కిందికి కబురంపింది. వానపాము పోయి వచ్చి, నాగలి మాటెత్తితేనే వణుకుతున్నాడు, రాడట అని చెప్పింది. సుంకమ్మ మోకాళ్ల మీద వంగి మట్టికి నోరానించింది.

"తప్పు నాదే నాయనా. ఇకమీదట విత్తే సాలు తప్ప దున్నను. కొయ్యలు కాల్చను, నీకు దుప్పటిగా వదిలేస్తా. చేను చింపిరిగా ఉన్నా సరే, రా."

మట్టిలోంచి పోగయ్య గొంతు సన్నగా వినిపించింది. "వస్తా గానీ, పైన ఉండను. లోపల్నే ఉంటా. ఏటా ఒక్కసారి లేచి, మాట మీదున్నావో లేదో చూసుకుంటా."

మట్టిలోనే పాకుతూ పోయి జొన్న వేళ్లను వాటేసుకున్నాడు. మూడోనాటికి ఆకులు విప్పారాయి. ఆ ఏడు కంకులు బరువుకు ఒంగిపోయాయి. కోత అయ్యాక కొయ్యలతో చేను దువ్వని తలలా ఉందని ఊరు నవ్వింది. సుంకమ్మకు చీపురు పట్టాలని చెయ్యి దురద పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని తనూ పకపకా నవ్వింది.

అప్పటినుంచే పోగయ్య మట్టిలోపల కాపురం. తొలకరి చినుకు పడగానే మాత్రం తెల్లగొడుగేసుకుని తల బయటపెడతాడు. నాగలి ఉందేమోనని అటూ ఇటూ చూసి, రెండ్రోజులకే లోపలికి జారుకుంటాడు. ఆ గొడుగునే మనం పుట్టగొడుగంటున్నాం.