మొలలో తిత్తి, తిత్తిలో పుస్తకం

ఆరేళ్లు గడిచినా పీరమ్మవ్వ తనకు విల్లు అప్పగించలేదన్నదే ఉరుకుందు దిగులు.

విల్లంటే బాణాలు వేసేది కాదు, దూదేకేది. మనిషి పొడవు కొయ్య, దానికి బిగించి కట్టిన నరం. దూదికుప్పలో నరాన్ని ఆనించి కొయ్యగూటంతో కొడితే, నరం అదిరి దూది విడిపోతుంది. అవ్వ మొగుడు బతికినన్నాళ్లూ ఆ విల్లుతోనే పరుపులు చేశాడు. వచ్చినవాళ్లను దాని పక్కనే కూర్చోబెట్టుకుని వాళ్ల కష్టాలు విన్నాడు. ఆయన పోయాక రెండు పనులూ అవ్వ మీద పడ్డాయి. ఎర్రబాడు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పరుపు కోసం వచ్చేవాళ్లు, మనసు బాగాలేకా వచ్చేవాళ్లు. అవ్వ ఎవరి కోసమూ పని ఆపేది కాదు. ఏకుతూనే వినేది, ఏకుతూనే ఏదో ఒక ముక్క అనేది. దూది పొగమంచులా లేచి వసారా అంతా కమ్ముకునేది. ఇంటికి వెళ్లాక చాలామందికి ఆమె ముఖం సరిగ్గా గుర్తుండేది కాదు. తెల్లటి మబ్బులోంచి వచ్చిన ఒక గొంతు గుర్తుండేది.

ఉరుకుందు అలా ఒకసారి వచ్చి, తిరిగి వెళ్లనివాడు. అంతకుముందు బడిలో లెక్కలు చెప్పేవాడు. అందుకని ఊరు అతన్ని ఇప్పటికీ అయ్యవారనే పిలిచేది.

అతని మొలలో ఎప్పుడూ ఒక తోలు తిత్తి ఉండేది. తండ్రి వక్కాకు తిత్తి, మేకతోలుది. ఇద్దరి చెమటా తాగి నల్లబడి, అరచేతుల రాపిడికి నేరేడుపండులా నిగనిగలాడేది. మూత తీస్తే ఇప్పటికీ పొగాకు వాసన. వక్కలుండాల్సిన చోట అరచేతిలో ఇమిడే నోటుపుస్తకం, వేలెడు పెన్సిలు. స్నానం చేసేటప్పుడు తిత్తిని కళ్లకు ఎదురుగా గట్టు మీద పెట్టుకునేవాడు. అన్నం తినేటప్పుడు ఒళ్లో పెట్టుకునేవాడు. పడుకున్నప్పుడు కూడా మొలతాడు నుంచి విప్పేవాడు కాదు.

అవ్వ నోరు తెరిస్తే తిత్తి తెరుచుకునేది. తారీఖు వేసి, మాట రాసి, కింద గీత గీసేవాడు.

"అవ్వ తుమ్మినా రాసుకుంటావంట గదా అయ్యవారూ?" అని నీళ్లకు పోయే ఆడవాళ్లు ఏడిపించేవాళ్లు.

అతను నవ్వేవాడు. తుమ్ము రాయలేదు గాని, ఒకరోజు అవ్వ "ఈ పాడు దోమలు పగలు గూడా ఇడవవు" అంటే దాన్ని రాసుకుని, అర్థం కోసం రెండు రోజులు తన్నుకున్నాడు.

అట్లా నాలుగో పుస్తకం నిండవచ్చింది. దుఃఖానికి ఏ మాటో, కోపానికి ఏ మాటో, ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించగలడు. అవ్వ ఇంట్లో లేనప్పుడు ఎవరైనా వస్తే పేజీ తిప్పి చదివి వినిపించేవాడు కూడా. వాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు. మళ్లీ అవ్వ ఉన్నప్పుడు వచ్చేవాళ్లు. ఆ సంగతి అతను పట్టించుకోలేదు.

విల్లు మాత్రం చేతికి రాలేదు. దిండ్ల వరకు ఏకనిచ్చేది అవ్వ. పక్కనే కూర్చుని, ఎటో చూస్తూ, ఉన్నట్టుండి "చాలు" అనేది. అతను ఆపేవాడు. పరుపంటే తానే లేచేది.

శ్రావణం ముసురులో ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"అవ్వా, నాకింకా నేర్చుకోడానికి ఏం మిగిలింది?"

అవ్వ అప్పుడు గుడ్డలు మూట కట్టుకుంటోంది. చెల్లెలికి జబ్బు చేసిందని కబురొచ్చింది. బండి బయట నిలబడి ఉంది. జవాబు చెప్పేలోపే ఒకామె తడిసి ముద్దయి వసారాలోకి వచ్చింది. పేరు లింగమ్మ, పక్క పల్లె. కొడుకు ఈతచెట్టు మీంచి జారి పడ్డాడు, ఏడు నెలలైంది. నడుము విరిగింది. తనంతట తాను పక్కకు తిరగలేడు.

"చాప మీద వీపంతా పుండ్లు పడతా ఉంది అవ్వా. మెత్తగా ఒక పరుపు చేసియ్యి. నీకు పుణ్యముంటాది."

అవ్వ మూట ముడి వేస్తూ ఉరుకుందు వైపు కాసేపు చూసింది.

"విల్లు ఆడుండాది" అంది. "ఈ పరుపు నువ్వు చెయ్యి నాయినా."

బండి వెళ్లిపోయింది. ఉరుకుందుకు కాళ్లు నేల మీద ఆనలేదు. అతను ముందు అందుకున్నది విల్లును కాదు, పుస్తకాన్ని. అందులో ఎవరికీ చూపించని ఒక పేజీ ఉంది. ఆరేళ్లలో ఏకిన నూటిరవై దిండ్లు, ఒక్కొక్క పిడికెడు దూదికి ఎన్ని దెబ్బల తరవాత అవ్వ "చాలు" అన్నదీ అందులో రాసి ఉంది. కూడి, భాగించి, కింద రెండు గీతల మధ్య తేల్చిన అంకె: నలభై.

నాలుగు రోజులు ఏకాడు. బయట ముసురు ఆగలేదు. మూలనున్న దూదిబస్తా గాలిలోని తేమనంతా పీల్చుకుని బరువెక్కి కూర్చుంది. అతను పెదాలు కదుపుతూ ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై అని ఆపి, తరవాతి పిడికెడు అందుకున్నాడు. కుట్లు రూళ్లకర్ర పెట్టి గీసినట్టు వచ్చాయి. పరుపు మీద పట్టా కప్పి, తానే నెత్తిన పెట్టుకుని మోశాడు. లింగమ్మకు గడపలోనే అందించి, అటునుంచి అటే తిరిగొచ్చాడు. దారి పొడుగునా, అవ్వ వచ్చాక ఏమంటుందో, దాన్ని ఏ పేజీలో రాసుకోవాలో ఆలోచించాడు.

అవ్వ పన్నెండో నాడు వచ్చింది. ఆమె కాళ్లు కడుక్కుంటుండగానే లింగమ్మ వచ్చింది. నెత్తిన పరుపు.

"ఏమనుకోవద్దు అయ్యవారూ" అంది దింపుతూ. "వాడు దీని మీద వద్దంటున్నాడు. రాళ్ల మీద పండబెట్టినట్టుందంట. కొత్తగా రెండు పుండ్లు లేచినాయి."

ఉరుకుందు ముఖం ఎర్రబడింది. పరుపును అరచేతితో నొక్కి చూశాడు. మెత్తగానే ఉంది. తిత్తి తెరిచి పుస్తకం తీశాడు.

"అవ్వా, ఒక్కటి గూడా తప్పలేదు. పిడికెడుకు నలభై."

"నలభై అని ఎవరు చెప్పినారు?"

"నువ్వే. నువ్వు చాలు అన్నప్పుడల్లా లెక్కబెట్టి రాసుకున్నా."

అవ్వకు చదువు రాదు. అయినా పుస్తకం చేతిలోకి తీసుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "చీమల బారు మాదిరి ముచ్చటగా ఉండాది" అని తిరిగిచ్చేసింది.

తరవాత అంది: "నేను చాలు అన్నది ఆ దూదికి, నాయినా."

లోపలికెళ్లి తను పడుకునే పరుపు చుట్టి తెచ్చి లింగమ్మ నెత్తికెత్తింది. "నీది బాగుచేసేదాకా ఇది ఏసి పండబెట్టు" అని పంపేసింది. తిరిగొచ్చిన పరుపును వసారాలో పరిచింది.

"పండుకో."

"ఇప్పుడా అవ్వా?"

"ఎల్లకిల పండుకో. కదలొద్దు. ఆ అబ్బి కదల్లేడు గదా."

ఉరుకుందు పడుకున్నాడు. మొదట హాయిగానే ఉంది. చూరు నుంచి చినుకులు ఒక్కొక్కటే జారుతున్నాయి. అవ్వ అతని పక్కనే కొత్త దూది కుప్పగా పోసుకుని విల్లందుకుంది. నరం మోగింది. దూది లేచింది.

కాసేపటికి కుడి రెక్క కింద ఏదో తగిలింది. శనగగింజంత. దాన్ని తప్పించుకుని జరగబోయి, కదలకూడదని గుర్తొచ్చి ఆగాడు. శనగగింజ రేగుపండయింది. నడుము దగ్గర ఇంకొకటి లేచింది. వీటన్నిటికంటే మొలలోని తిత్తి ఎక్కువ బాధపెట్టింది. అది తుంటికీ పరుపుకూ మధ్య ఇరుక్కుని, లోపలున్న పుస్తకం అంచు ఎముకలోకి దిగుతోంది. ఇన్నేళ్లుగా ఒంటి మీదున్నదే. అంత గట్టిగా ఉంటుందని ఎన్నడూ తెలియలేదు. చెయ్యి అటు పోబోయింది.

"వాడి చెయ్యి అందదు" అంది అవ్వ, ఇటు చూడకుండానే.

చెయ్యి వెనక్కి వచ్చింది.

ఒక చీమ చెవి మీదుగా నడిచి వెళ్లింది. పైన వాసాలు కనబడడం మానేశాయి. అంతా తెలుపు. కనురెప్పల మీద దూది పొరలు పొరలుగా వాలుతోంది. తను పడుకున్నాడో తేలుతున్నాడో తెలియలేదు. వీపు కింద రాళ్లు ఉన్నాయి కాబట్టి నేల మీదే ఉన్నాననుకున్నాడు. లేకపోతే ఆ మబ్బుల్లో ఎటో కొట్టుకుపోయేవాడు. ఎక్కడో చిన్నపిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నట్టనిపించింది. వాళ్లూ మెల్లగా ఆగిపోయారు. చివరికి ఒక్క నరం చప్పుడే మిగిలింది.

ఆ చప్పుడు మారుతోంది.

ముందు పచ్చికుండను తట్టినట్టు మొద్దుగా ఉంది. దెబ్బ దెబ్బకూ కొంచెం కొంచెం తేలికపడింది. దూరంగా బావిలో చేద నీళ్లను తాకినట్టయింది. ఆ తరవాత ఇంకా సన్నగా, ఇంకా నిడివిగా, చేనవతల మేక మెడలో గంట మోగినట్టయింది. ఆరేళ్లు ఈ విల్లు పక్కనే కూర్చున్నాడు. ఒక్కరోజూ వినలేదు. విల్లు మోగినంత సేపూ లెక్కపెట్టడమో, రాయడమో సరిపోయింది.

ఇప్పుడు ఆపాలి, అనుకున్నాడు.

"చాలు" అంది అవ్వ, దూదితో.

ఇంకో పిడికెడు. మళ్లీ పచ్చికుండ. మళ్లీ బావి. ఈసారి చాలాసేపు పట్టింది. అతని కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోవాలనుకోలేదు. వీపు కింద రేగుపండ్లు నిప్పు కణికలయ్యాయి.

పొద్దు వాలాక "లే" అంది అవ్వ. లేవడానికి ఆమె చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఉరుకుందు లింగమ్మ ఇంటికి వెళ్లాడు. ఈసారి గడప దాటి లోపలికి వెళ్లాడు. గోడకు ఆనుకుని మంచం, మంచం మీద అవ్వ పరుపు, దాని మీద పాతికేళ్ల అబ్బాయి. పేరు గిడ్డయ్య అని అప్పుడే తెలిసింది.

"అయ్యవారే వచ్చినాడే!" అన్నాడు గిడ్డయ్య. "ఏం, నాకు పుస్తకం చదివి వినిపిస్తావా? నేనెట్లాగూ లేచి పారిపోలేను."

"లేదు. నీకు యాడ నొప్పో చూపిస్తావా?"

"యాడ లేదో అడుగు. బిరీన అయిపోతాది."

ఉరుకుందు మోకాళ్ల మీద కూర్చుని అతని వీపు కిందికి మెల్లగా అరచెయ్యి పోనిచ్చాడు. గిడ్డయ్య నవ్వు ఆపేశాడు. "ఇంకొంచెం పైకి. పక్కకు. ఆ... అదే. అది కుక్క కొరికినట్టు కొరుకుతాది. కింద ఇంకోటి ఉంది. తొందరగా తియ్యొద్దు అయ్యవారూ, నీ చెయ్యి సల్లగా ఉంది." చెయ్యి తిమ్మిరెక్కే దాకా ఉరుకుందు దాన్ని అక్కడే ఉంచాడు. గిడ్డయ్య చెట్ల గురించి మాట్లాడాడు. ఏ చెట్టు కల్లు తీపో, ఏ చెట్టు ఎక్కితే ఎంత దూరం కనబడుతుందో చెప్పాడు. ఉరుకుందు వింటూ ఉండిపోయాడు.

ఆ పూటే పరుపు కుట్లన్నీ విప్పేశాడు. దూదిని పొయ్యి పక్కన పరిచి తడి ఆరబెట్టి, మళ్లీ ఏకడం మొదలుపెట్టాడు. ఒక పిడికెడు ఊరికే విచ్చుకుంది. ఇంకొకటి మొండికేసింది. ఏది ఎన్ని దెబ్బలకు లొంగిందో అడిగితే చెప్పలేడు. అవ్వ ఎదురుగా కూర్చుని గింజలు ఏరింది. ఆరు రోజులు. ఒక్కసారి కూడా "చాలు" అనలేదు.

ఏడో రోజు పరుపు మోసుకుపోయాడు. లింగమ్మా, పక్కింటివాళ్లూ గిడ్డయ్యను ఎత్తి పట్టుకుంటే అతను పరిచాడు. దించారు. గిడ్డయ్య పళ్లు బిగించుకుని, వచ్చే నొప్పి కోసం ఎదురుచూశాడు. కొంతసేపు చూశాడు. ఏదో ఎకసెక్కెం ఆడబోయినట్టు నోరు తెరిచాడు గాని, ఆ నోరు అట్లాగే ఉండిపోయింది. కళ్లు మూతపడ్డాయి.

ఉరుకుందు ఏదో అడగబోతే లింగమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది. "ఏడు నెల్లయింది అయ్యవారూ, పగటిపూట కన్ను మూసి" అంది గుసగుసగా.

అతను గడప మీద కూర్చున్నాడు. పెంకుల మీద సన్నగా వాన. లోపల ఊపిరి పైకీ కిందికీ, పైకీ కిందికీ. వాన వెలిసింది ఎప్పుడో తెలియలేదు.

తిరిగొచ్చేసరికి అవ్వ ఏకుతోంది. వసారా నిండా తెల్లగా ఉంది. ఆమె కనబడలేదు.

"ఏమన్నాడు?" అంది గొంతు.

"ఏమీ అనలేదవ్వా. నిద్రపోయినాడు."

నరం ఆగింది. దూది నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

"మంచి మాట అన్నాడు" అంది అవ్వ.